ఇంజన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఆగిపోతోంది, చల్లగా ఉంటే ఏ ఇబ్బందీ లేదు

కొండాపూర్_కారు
2014 మోడల్, 1.2 లీటర్ పెట్రోల్, నాలుగు సిలిండర్లు, బీఎస్4. కేబుల్ థ్రాటిల్, పక్కనే ఐడిల్ కంట్రోల్ వాల్వ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్‌కి గాలి ఇచ్చేది). పొద్దున స్టార్ట్ చేస్తే 1200 ఆర్పీఎం దగ్గర మొదలై మెల్లగా 750కి దిగుతుంది, ఏ తేడా కనిపించదు. టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చాక సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెడితే 600కి జారి, ఒకటి రెండుసార్లు ఊగి ఆగిపోతుంది. యాక్సిలరేటర్ మీద కాలు ఉంటే ఆగదు. వెంటనే సెల్ఫ్ కొడితే అందుకుంటుంది కానీ మామూలు కంటే ఎక్కువసేపు తిప్పాలి. ఏసీ వేసినా తీసినా అంతే. చెక్ ఇంజన్ లైట్ లేదు. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ కొత్తవి, థ్రాటిల్ బాడీ, ఐడిల్ వాల్వ్ క్లీన్ అయ్యాయి. ఇప్పుడు మెకానిక్ ఫ్యూయల్ పంపు మార్చాలంటున్నాడు. మార్చే ముందు ఏమేం చూసుకోవాలి?

స్పార్క్_బాబు
క్రాంక్ సెన్సర్. వేడికి లోపల చుట్ట తెగుతుంది, చల్లారితే మళ్లీ అతుక్కుంటుంది. వేరే ఆలోచన లేకుండా మార్చెయ్.

ఓబీడీ_రమణ
బాబుగారూ, క్రాంక్ సెన్సర్ పోతే బండి ఊగి ఊగి ఆగదు. తాళం తీసేసినట్టు టక్కున ఆగుతుంది, 80 స్పీడులో ఉన్నా ఆగుతుంది. చాలాసార్లు చల్లారేదాకా స్టార్టే కాదు. సెల్ఫ్ తిప్పుతున్నంతసేపూ స్కానర్‌లో ఆర్పీఎం సున్నా చూపిస్తుంది. ఇక్కడ కాలు ఆనిస్తే నడుస్తోంది, వెంటనే తిరిగి స్టార్ట్ అవుతోంది. ఆ లక్షణాలు కలవట్లేదు.

పంపు సంగతీ అంతే. పంపు నీరసిస్తే ముందు బయటపడేది లోడ్ మీద. ఫ్లైఓవర్ ఎక్కుతూ మూడో గేర్‌లో ఫుల్లుగా తొక్కితే లాగదు, కుదుపులు వస్తాయి. ఐడ్లింగ్‌లో ఇంజన్‌కి కావాల్సిన పెట్రోల్ అతి తక్కువ, ముసలి పంపు కూడా ఆ మాత్రం ఇస్తుంది. అయినా అనుమానం ఉంటే ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ప్రెషర్ గేజ్ పెట్టించండి. రిటర్న్ లైను లేని బండ్లకి ఎక్కువగా 3 నుంచి 4 బార్ మధ్య ఉంటుంది. గేజ్ పెట్టకుండా పంపు మార్చనివ్వొద్దు.

అసలు వేడెక్కాక ఏం మారుతుందో చూడండి. చల్లగా ఉన్నప్పుడు ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్ మాట వినదు. తన పట్టిక ప్రకారం పెట్రోల్ కాస్త ఎక్కువే పోస్తుంది, ఆర్పీఎం ఎత్తి పెడుతుంది. చిన్నాచితకా లోపాలన్నీ ఆ ఎత్తులో కప్పబడిపోతాయి. వేడెక్కాక ఆర్పీఎం దిగుతుంది, మిక్స్చర్ సెన్సర్ చెప్పినట్టు సర్దుబాటవుతుంది, పెట్రోల్ ట్యాంకు ఆవిరిని లాగే పర్జ్ వాల్వ్ తెరుచుకోవడం మొదలవుతుంది, ఈజీఆర్ (కొంత పొగని తిరిగి ఇంజన్‌లోకి పంపేది) ఉన్న బండిలో అది కూడా పనిలోకి వస్తుంది. మీ లోపం ఈ నాలుగింటి చుట్టూనే ఉంటుంది.

2014 బండి కాబట్టి ఓబీడీ-2 (స్కానర్‌తో ఇంజన్ లోపాలు చదివే ఏర్పాటు) ఉంటుంది, 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు. మామూలు బ్లూటూత్ స్కానర్ చాలు. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, ఏసీ తీసేసి, ఐడ్లింగ్‌లో ఒకసారి, 2500 దగ్గర నిలిపి ఒకసారి ఇవి రాసుకోండి: కూలెంట్ టెంపరేచర్, ఆర్పీఎం, మ్యాప్ ప్రెషర్ (ఇంటేక్ మానిఫోల్డ్‌లో గాలి ప్రెషర్, కిలోపాస్కల్‌లో), షార్ట్ ట్రిమ్, లాంగ్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ని అప్పటికప్పుడు, దీర్ఘకాలంగా ఎంత శాతం పెంచుతోందో ప్లస్, కోస్తోందో మైనస్), ముందు ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ. స్కానర్ చూపిస్తే ఐడిల్ వాల్వ్ స్టెప్పులు (అది ఎంత తెరుచుకుందో చెప్పే అంకె) కూడా. లైటు వెలగకపోయినా పెండింగ్ కోడ్ ఉండొచ్చు, అదీ చూడండి.

గోదావరి_గ్యారేజ్
స్కానర్ వచ్చేలోపు వాక్యూమ్ లీకు (పైపుల సందుల్లోంచి బయటి గాలి లోపలికి దూరడం) చూసెయ్యండి. చేత్తో అయిపోయే పని. బ్రేక్ బూస్టర్ పైపు, పీసీవీ పైపు (ఇంజన్ అడుగున పుట్టే ఆవిరిని మానిఫోల్డ్‌లోకి పంపేది) ఒక్కొక్కటీ మెత్తటి దవడల ప్లయర్‌తో నొక్కి పట్టండి. ఏది నొక్కినప్పుడు ఐడ్లింగ్ కుదుటపడితే అక్కడే లీకు. పీసీవీ పైపు మలుపు దగ్గర, అడుగు వైపు చీలుతుందండి, పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంటుంది. తీసి వంచి చూడాలి. మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టాలు) ప్యాకింగు దగ్గర సబ్బునీళ్లు జల్లితే చాలు, లోపలికి పీల్చుకుంటుంది. కొంతమంది కార్బ్ క్లీనర్ కొడతారు, వేడి ఎగ్జాస్ట్ పక్కన ఆ పని చెయ్యొద్దు, భగ్గుమంటుంది.

పానా_14
గోదావరి అన్నా, పరీక్ష మంచిదే కానీ ఈ బండికి ఆ అనుమానం సరిపడదు. గాలి కొలిచే పద్ధతి రెండు రకాలు. ఎంఏఎఫ్ సెన్సర్ (లోపలికి వెళ్లే గాలిని నేరుగా కొలిచేది) ఉన్న బండిలో దాని తర్వాత దూరిన గాలి లెక్కలోకి రాదు. మిక్స్చర్ పలచబడి ఐడ్లింగ్ పాడవుతుంది, ట్రిమ్ ప్లస్ 20కి పోతుంది. మన చిన్న కార్లలో ఎక్కువ వాటికి ఉండేది మ్యాప్ సెన్సర్. దొంగదారిన వచ్చిన గాలి కూడా మానిఫోల్డ్ ప్రెషర్‌ని పెంచుతుంది కాబట్టి ఈసీయూ దానికీ పెట్రోల్ పోస్తుంది. అందుకే మ్యాప్ బండిలో లీకుంటే ఐడ్లింగ్ పెరుగుతుంది, లేదా 900–1400 మధ్య పైకీ కిందకీ కొట్టుకుంటుంది. ఐడిల్ వాల్వ్ పూర్తిగా మూసుకుని స్టెప్పులు సున్నా దగ్గరికి వస్తాయి. కిందకి జారి ఆగిపోవడం దీనికి తక్కువ.

ఒక్క సిలిండర్ రన్నర్ (దానికి గాలి తెచ్చే గొట్టం) దగ్గర లీకైతే మాత్రం ఆ ఒక్కటీ మిస్ కొడుతుంది, అది వేరే సంగతి.

గోదావరి_గ్యారేజ్
రన్నర్ లీకు మాటే నేనూ అంటున్నా. ప్లాస్టిక్ మానిఫోల్డ్ వేడికి వంగితే రెండో, మూడో సిలిండర్ దగ్గర సందు ఇస్తుంది. మిగతాదానికి ఒప్పుకుంటా, ఎంఏఎఫ్‌కీ మ్యాప్‌కీ లెక్క వేరే.

హన్మకొండ_హైవే
కూలెంట్ సెన్సర్ మర్చిపోయిన్రు. ఇంజన్ 90 ఉంటే అది 40 అని అబద్ధం చెప్తే ఈసీయూ పెట్రోల్ పోస్తనే ఉంటది. ప్లగ్గులు నల్లగైతయ్, ఇంజన్ ఊగి ఆగుతది, మళ్ల సెల్ఫ్ ఎక్కువ తిప్పాలె. అన్న చెప్పిన లక్షణాలు గివే. డాష్‌బోర్డు ముల్లును నమ్మొద్దు, కొన్ని బండ్లల్ల దానికి వేరే సెన్సర్ ఉంటది. కప్లర్ తీసి మల్టీమీటర్‌తోని ఓమ్స్ చూడుండ్రి. ఎక్కువ బండ్లకు 20 డిగ్రీల దగ్గర రెండున్నర వేల ఓమ్స్ అటిటు, 80 దగ్గర 300 అటిటు ఉండాలె. వేడికి తగ్గుకుంట రావాలె, నడుమ ఎక్కడ ఎగిరినా సెన్సర్ పోయినట్టే.

సీఎన్‌జీ_సత్తి
నాదీ ఇదే గోల. కాకపోతే సీఎన్‌జీ కిట్. గ్యాస్ మీదా ఆగుతుంది, పెట్రోల్ మీదకి మార్చినా ఆగుతుంది, వేడెక్కాకే. నా అంకెలు ఉన్నాయి: ఐడ్లింగ్‌లో మ్యాప్ 52, ట్రిమ్ ప్లస్ 3, ఏ కోడూ లేదు. విజయవాడ బండి.

స్పార్క్_బాబు
సత్తీ, నువ్వు క్రాంక్ సెన్సర్ చూడు.

ఓబీడీ_రమణ
బాబుగారికి క్రాంక్ సెన్సర్ మీద ప్రేమ తగ్గేలా లేదు 🙂 సత్తిగారూ, మీది వేరే జబ్బు. ముందు కొండాపూర్ అంకెలు రానివ్వండి.

కొండాపూర్_కారు
స్కానర్ దొరికింది. ఏసీ తీసేసి, ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగాక చూసినవి.

ఐడ్లింగ్: కూలెంట్ 91. ఆర్పీఎం 610 నుంచి 840 దాకా ఊగుతోంది. మ్యాప్ 37–41. షార్ట్ ట్రిమ్ మైనస్ 19 నుంచి మైనస్ 24. లాంగ్ ట్రిమ్ మైనస్ 11. ఆక్సిజన్ సెన్సర్ 0.80–0.86 దగ్గర అతుక్కుపోయింది.

2500 దగ్గర: షార్ట్ మైనస్ 5, లాంగ్ మైనస్ 6. సెన్సర్ 0.1కీ 0.8కీ మధ్య చకచకా కొట్టుకుంటోంది.

కీ ఆన్ చేసి ఇంజన్ ఆఫ్‌లో మ్యాప్ 95. ఇది తక్కువ కదా, సెన్సర్ పోయిందా? పెండింగ్‌లో పీ0172 ఉంది. ఇంకో మాట, ట్యాంకు ఫుల్ చేయించిన రోజు ఇబ్బంది మరీ ఎక్కువ.

పానా_14
మ్యాప్ సెన్సర్ బాగుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, అక్కడ గాలి ప్రెషరే 95 దగ్గర. విజయవాడలో 100 చూపిస్తుంది. కూలెంట్ 91 కాబట్టి హన్మకొండ అన్న చెప్పిన సెన్సర్ కూడా మంచిదే.

ఇక అసలు విషయం. మీ ఇంజన్‌కి పెట్రోల్ తక్కువై కాదు, ఎక్కువై ఆగుతోంది. పీ0172 అంటే అదే. ఈసీయూ 20 శాతానికి పైగా కోస్తున్నా సెన్సర్ ఇంకా ఎక్కువుందనే చెబుతోంది. ఇలాంటి బండికి కొత్త పంపు వేసి ఏం లాభం?

ఇంకో లెక్క చూడండి. శుద్ధ పెట్రోల్ ఒక వంతు కాలడానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20కి (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) అది 13.5 దగ్గరికి దిగుతుంది. అంటే పాత బీఎస్4 బండి ఈ20 మీద సహజంగా ప్లస్ 5 నుంచి 8 దాకా ట్రిమ్ చూపించాలి. మీకు మొత్తం మైనస్ 30 ఉంది. అసలు తేడా కనిపించే దానికంటే పెద్దది.

ఐడ్లింగ్‌లో ఘోరంగా ఉండి 2500లో దాదాపు సర్దుకుంటోందంటే, ఇంజెక్టర్ల లెక్కతో సంబంధం లేకుండా ఎక్కడి నుంచో కొంత పెట్రోల్ ఆవిరి లోపలికి వస్తోంది. ఐడ్లింగ్‌లో గాలి తక్కువ కాబట్టి ఆ కొంచెమే పెద్ద వాటా. 2500లో గాలి పెరిగి అది పలచబడుతుంది. వేడెక్కాకే రావడం, ట్యాంకు ఫుల్ చేస్తే పెరగడం, ఈ రెండూ కలిపితే పర్జ్ వాల్వ్ లేదా చార్‌కోల్ క్యానిస్టర్ (ట్యాంకు ఆవిరిని బొగ్గులో పట్టి ఉంచే డబ్బా).

గోదావరి_గ్యారేజ్
దానితోపాటు ఇంజనాయిల్ కూడా చూడండి. పొద్దున పూట చిన్న చిన్న దూరాలు తిరిగే బండిలో పెట్రోల్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ వేడెక్కగానే ఆ పెట్రోల్ ఆవిరై పీసీవీ గుండా మానిఫోల్డ్‌లోకి వెళ్తుంది. అచ్చం ఇవే అంకెలు ఇస్తుందండి. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, లెవెల్ గీత కంటే పెరిగిందేమో చూడండి. ఐడ్లింగ్‌లో పీసీవీ పైపు తీసి మానిఫోల్డ్ వైపు నోరు మూసేస్తే ట్రిమ్ సర్దుకుంటే దోషం ఆయిల్‌దే. ఆయిల్, ఫిల్టర్ మారిస్తే పోతుంది.

పానా_14
అవును, ఆ రెండూ విడదీయాలి. పర్జ్ పరీక్ష ఇలా చెయ్యండి, పదినిమిషాల పని.

పర్జ్ వాల్వ్ ఇంటేక్ మానిఫోల్డ్ దగ్గరే ఉంటుంది. చిన్న నల్ల ప్లాస్టిక్ డబ్బా, రెండు పైపులు, రెండు వైర్ల కప్లర్. ఒక పైపు మానిఫోల్డ్‌కి, రెండోది క్యానిస్టర్‌కి. చేత్తో పట్టుకుంటే వేడి ఇంజన్ మీద టకటక కొట్టుకోవడం తెలుస్తుంది.

ఇంజన్ వేడిగా, ఊగుతూ ఉండగా కప్లర్ పీకండి. కరెంటు లేకపోతే ఈ వాల్వ్ మూసుకునే ఉంటుంది. ఒకటి రెండు నిమిషాలు షార్ట్ ట్రిమ్ చూడండి. సున్నా వైపు వస్తే ఆవిరి దారి ఇదే.

తర్వాత కప్లర్ పీకే ఉంచి, క్యానిస్టర్ వైపు పైపు తీసి వాల్వ్ నోటి మీద వేలు పెట్టండి. పీల్చకూడదు. పీలుస్తుంటే వాల్వ్ సరిగా మూసుకోవట్లేదు, వాల్వ్ మార్చాలి. పీల్చకపోతే వాల్వ్ మంచిదే, ఈసీయూ తెరిచినప్పుడు క్యానిస్టర్ నుంచి లెక్కకు మించి పెట్రోల్ వస్తోందన్నమాట.

కప్లర్ పీకితే లైటు వెలగొచ్చు, కోడ్ తర్వాత చెరిపేయొచ్చు. చుట్టుపక్కల నిప్పు, సిగరెట్ ఉండకూడదు.

కడప_క్లచ్
వాల్వ్ కొంచెం లీకైనా చల్లగా ఉన్నప్పుడు ఎందుకు ఆగదు మరి? అప్పుడూ ఆవిరి పోతూనే ఉంటుంది కదా.

ఓబీడీ_రమణ
మంచి ప్రశ్న. చల్లగా ఉన్నప్పుడు 1200 ఆర్పీఎంలో గాలి ఎక్కువ, పైగా చల్లటి ఇంజన్‌కి చిక్కటి మిక్స్చర్ కావాలి కూడా. కొంచెం ఎక్కువైనా తట్టుకుంటుంది. ట్యాంకులో పెట్రోల్ కూడా చల్లగా ఉంటుంది, ఆవిరి తక్కువ. అయితే వాల్వ్ పూర్తిగా తెరుచుకుని ఇరుక్కుంటే చల్లగా ఉన్నా తెలుస్తుంది, ముఖ్యంగా బంకులో నింపిన వెంటనే స్టార్ట్ చేయడం కష్టమవుతుంది. కొండాపూర్‌కి చల్లగా ఏ లక్షణమూ లేదు కాబట్టి నా ఓటు క్యానిస్టర్‌కి.

కొండాపూర్_కారు
డిప్‌స్టిక్ చూశాను, లెవెల్ సరిగ్గా ఉంది, పెట్రోల్ వాసన లేదు. పీసీవీ మూస్తే ట్రిమ్‌లో మార్పు లేదు.

పర్జ్ కప్లర్ పీకిన నిమిషంలో షార్ట్ ట్రిమ్ మైనస్ 22 నుంచి పైకి లేచి ప్లస్ 6 దాకా వెళ్లింది, లాంగ్ మెల్లగా సున్నా వైపు వస్తోంది. ఆక్సిజన్ సెన్సర్ కొట్టుకోవడం మొదలైంది. ఐడ్లింగ్ 750 దగ్గర నిలబడింది. వాల్వ్ నోటి మీద వేలు పెడితే అసలు పీల్చట్లేదు. క్యానిస్టర్ వైపు నుంచి వచ్చే పైపు కిందకి వంచితే మాత్రం రెండు మూడు చుక్కలు పెట్రోల్ పడింది.

పానా_14
ఆ చుక్కలతో తేలిపోయింది. ఆ పైపులో రావాల్సింది ఆవిరి మాత్రమే. ద్రవం వస్తోందంటే క్యానిస్టర్‌లో బొగ్గు తడిసి ముద్దైంది.

కారణం బంకు దగ్గర ఉంటుంది. గన్ టక్‌మని ఆగాక రౌండ్ ఫిగర్ కోసం ఇంకో రెండు మూడు సార్లు నొక్కుతారు. ట్యాంకు పైభాగంలో ఆవిరి కోసం వదిలిన ఖాళీ నిండిపోయి, పెట్రోల్ ఆవిరి గొట్టంలోకి ఎక్కుతుంది, అక్కడి నుంచి క్యానిస్టర్‌లోకి. ఆ బొగ్గు ఆవిరిని పట్టుకోవడానికి చేసింది, ద్రవానికి కాదు. మొదటిసారి ఆటో కట్ అవగానే గన్ తీసేయమనండి. 1,937 రూపాయలైతే 1,937 ఇచ్చెయ్యండి.

స్పార్క్_బాబు
ఆ పైపుకి ఒక బోల్టు బిగించి మూసేస్తే సరిపోదా? క్యానిస్టర్ ఖర్చు మిగులుతుంది.

గోదావరి_గ్యారేజ్
వద్దు బాబూ. ఎండలో నిలబెట్టిన బండి ట్యాంకులో ఆవిరి పుడుతూనే ఉంటుంది. క్యానిస్టర్‌ని ఖాళీ చేసే దారి ఆ పర్జ్ ఒక్కటే. దాన్ని మూస్తే బొగ్గు నిండిపోయి, పెట్రోల్ ఆవిరి వెంట్ గుండా బండి కిందకి వస్తుంది. ఇంటి కింద పార్కింగ్‌లో, పక్కన ఇన్వర్టరో స్కూటర్ ఛార్జరో ఉన్నచోట అది ఎంత ప్రమాదమో ఆలోచించు. కప్లర్ పీకి రెండు రోజులు నడపడం వరకూ సరే, అంతకుమించి కాదు.

ఓబీడీ_రమణ
క్యానిస్టర్ మార్చేటప్పుడు ఇంకో మూడు చూడండి. వెంట్ వైపు ఫిల్టర్ లేదా గొట్టం దుమ్ముతో, కందిరీగ మట్టి గూడుతో మూసుకుపోయి ఉండొచ్చు. పెట్రోల్ మూత తిప్పగానే గట్టిగా బుస్సుమని లోపలికి గాలి లాగితే అది మూసుకుందని అర్థం. పాత క్యానిస్టర్ ఊపితే గలగలమంటే లోపల బొగ్గు పలుకులు విరిగాయి, అవి పర్జ్ వాల్వ్‌లోకి చేరి దాన్ని తెరిచి ఉంచేస్తాయి. వాల్వ్‌ని బల్ల మీద తట్టి నల్లపొడి రాలుతుందేమో చూడండి, రాలితే అదీ మార్చండి. మూడోది, తడిసిన క్యానిస్టర్‌ని ఎండబెట్టి, కంప్రెసర్ గాలి కొట్టి మళ్లీ బిగిస్తామంటారు. ఒప్పుకోవద్దు. ఆ ప్రెషర్‌కి లోపలి జాలీలు చిరుగుతాయి.

ఇంజన్ ఆగినప్పుడు సెల్ఫ్ ఎక్కువ తిప్పాల్సి వస్తే యాక్సిలరేటర్ పూర్తిగా నేలకి తొక్కి పట్టి తిప్పండి. చాలా బండ్లలో ఈసీయూ అప్పుడు ఇంజెక్టర్లు ఆపేసి గాలి మాత్రమే పంపిస్తుంది, లోపల నిండిన పెట్రోల్ బయటికి పోతుంది. అందుకోగానే కాలు తీసెయ్యాలి.

సీఎన్‌జీ_సత్తి
ఇక నాది చెప్పండి అన్నా. మ్యాప్ 52.

పానా_14
సత్తి తమ్ముడూ, నీ మిక్స్చర్ బాగుంది, ఇంజనే గాలి పీల్చలేకపోతోంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ఏసీ లేకుండా 30–38 దగ్గర ఉండాలి. 52 అంటే వాల్వ్‌లు సరిగా మూసుకోవట్లేదు, లేదా టైమింగ్ చైన్ సాగి జారింది, లేదా ఎగ్జాస్ట్ మూసుకుంది.

ఎగ్జాస్ట్ ముందు తేల్చుకో. 2500 దగ్గర అరనిమిషం నిలుపు. మ్యాప్ దిగి కిందే ఉంటే ఎగ్జాస్ట్ మంచిదే. దిగకుండా మెల్లగా పైకి పాకుతుంటే కెటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయింది.

అది కాకపోతే ట్యాపెట్లు, అంటే వాల్వ్‌కీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన సందు. సీఎన్‌జీ పొడి ఇంధనం, ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు అరుగుతూ వాల్వ్ లోపలికి దిగుతుంది. అరిగేకొద్దీ సందు పెరగదు, తగ్గుతుంది. చల్లగా ఉన్నప్పుడు కాస్త సందు మిగిలి వాల్వ్ మూసుకుంటుంది. వేడికి వాల్వ్ కాడ సాగాక ఆ సందు కూడా పోయి వాల్వ్ వెంట్రుకవాసి తెరుచుకునే ఉంటుంది. వేగంలో కారడానికి సమయం ఉండదు, ఐడ్లింగ్‌లో కంప్రెషన్ అంతా కారిపోతుంది.

సీఎన్‌జీ_సత్తి
2500లో 28కి దిగి అక్కడే నిలబడింది. అయితే ట్యాపెట్లే అనుకుంటా. కంప్రెషన్ కూడా చూపించమంటారా?

గోదావరి_గ్యారేజ్
చూపించు, కానీ వేడిగా ఉన్నప్పుడే. చల్లటి ఇంజన్‌లో బాగుందని వస్తుంది. నాలుగు ప్లగ్గులూ తీసి, ఇంజెక్టర్, కాయిల్ కప్లర్లు పీకి, సీఎన్‌జీ సిలిండర్ వాల్వ్ ఆఫ్ చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కో సిలిండర్‌కి గేజ్ ముల్లు ఇక పెరగనంతవరకూ తిప్పాలి. అంకె ఎంతన్నది కాదు, నాలుగింటి మధ్య తేడా చూడు. పదిహేను శాతం మించకూడదు. తగ్గిన సిలిండర్‌లో చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ చూడు. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వ్.

సీఎన్‌జీ_సత్తి
ఒకటి, నాలుగు: 12 బార్. రెండు: 9.5. మూడు: 9. ఆయిల్ పోసినా మారలేదు. రాత్రంతా చల్లారాక ట్యాపెట్ కవర్ తీసి ఫీలర్ గేజ్ పెట్టారు. రెండు, మూడు సిలిండర్ల ఎగ్జాస్ట్ సందులో 0.10 మి.మీ. గేజ్ కూడా దూరట్లేదు. పుస్తకంలో 0.30 అని ఉంది.

హన్మకొండ_హైవే
దొరికింది దొంగ. స్క్రూ టైపైతే పొద్దుమీకి అయిపోతది. బకెట్ టైపైతే (వాల్వ్ మీద గిన్నె లెక్క కూసునే ముక్క) పాత బకెట్ మందం మైక్రోమీటర్‌తోని కొలిచి, ఎంత తక్కువ కావాల్నో లెక్కగట్టి తెప్పియ్యాలె, జర టైం పడ్తది.

కొండాపూర్_కారు
క్యానిస్టర్ కొత్తది పడింది. పాతది బరువుగా ఉంది, వంచితే పెట్రోల్ కారింది. పర్జ్ వాల్వ్‌లో పొడి లేదు, అదే ఉంచాను. కోడ్ చెరిపి నడిపాక వేడి ఐడ్లింగ్‌లో లాంగ్ ట్రిమ్ ప్లస్ 5, షార్ట్ ప్లస్ మైనస్ 3 మధ్య, మ్యాప్ 33, ఆర్పీఎం 750. ఏసీ వేస్తే 850కి ఎక్కి నిలబడుతోంది. పంపు పాతదే.

పానా_14
ప్లస్ 5 అంటే ఈ20కి సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. ట్యాంకు ఫుల్ చేయించిన రోజు ఒకసారి స్కానర్ పెట్టి చూడు, పర్జ్ తెరిచినప్పుడు షార్ట్ ట్రిమ్ కాసేపు మైనస్ 5, 6కి పోయి తిరిగి వస్తే అది మామూలే.

సత్తీ, సందు సెట్ చేసేటప్పుడు ఎగ్జాస్ట్‌కి పుస్తకం ఇచ్చిన పరిధిలో పై అంచుకి పెట్టించు, సీటు ఇంకా అరుగుతుంది కాబట్టి. తర్వాత ప్రతి 20,000 కిలోమీటర్లకి ఒకసారి సందు చూపించు. సెట్ చేసిన కొద్ది నెలలకే మళ్లీ 0.10కి దిగితే సీటు పూర్తిగా పోయినట్టు, అప్పుడు హెడ్ దింపి గట్టి సీట్లు వేయించాల్సిందే.

సీఎన్‌జీ_సత్తి
బకెట్ టైపే అన్నా. ఆటోనగర్‌లో కొలతలు తీసుకున్నారు, రెండు బకెట్లు తెప్పిస్తున్నారు. బిగించాక వేడి మీద మ్యాప్ ఎంతుందో ఇక్కడే పెడతాను.